తోపుడుబండి పక్షమున ఒక మాట

ఈ సంవత్సరము మన పాఠశాల చర్చాసంఘమువారు ఒక శనివారము సాయంకాలమున “పోలీసు సినిమాలు విద్యార్థులకు చూడదగినవా?” అను విషయమును చర్చకు పెట్టిరి. మన చర్చాసభలకు బాలురకంటె నిద్రయే ముందుగా వచ్చి కూర్చుండుట పాఠకులు ఎఱుగని సంగతి కాదు. ఆనాడు మాత్రము గదిలో చోటు చాలక కొందఱు కిటికీలను పట్టుకొని నిలువబడిరి. అనుకూల పక్షమువారు ధైర్యము, కర్తవ్యనిష్ఠ, దుష్టశిక్షణము మొదలగు గుణములను ఏకరువు పెట్టిరి. ప్రతికూల పక్షమువారు హింస, కాలవ్యయము, ధనవ్యయము, కంటిజబ్బు మొదలగు దోషములను ఏకరువు పెట్టిరి. ఉభయపక్షములవారును తాము చూచిన చిత్రములనుండియే ఉదాహరణము లిచ్చుటచేత, చూడరాదని వాదించినవారే ఎక్కువ చిత్రములు చూచినట్లు సభవారికి తేటతెల్లమయినది.

చర్చ ముగియు సమయమున ఆఱవ తరగతి బాలు డొకడు వెనుక బల్లనుండి లేచి, “సార్, పోలీసు కారు తాకి కూరగాయల బండి పడిపోయింది గదా. ఆ టమాటల పైసలు ఎవరిస్తరు?” అని అడిగెను. సభ గొల్లుమనెను. అధ్యక్షులు గంట మ్రోగించిరి. ఆ ప్రశ్న ఆనాటి సభా నివేదికలో చేరలేదు. ఆ బాలుని తండ్రి మన పట్టణములోనే తోపుడుబండిపై కూరగాయలు అమ్మి కుటుంబమును పోషించువాడని మాకు తరువాత తెలిసినది. నవ్వినవారిలో మేమును ఉంటిమి. కావున నివేదికలో విడిచిన ఆ ప్రశ్నను ఈ సంచికలో చేర్చి, మాకు తోచిన సమాధానమును వ్రాయుట మా విధి యని తలంచుచున్నాము.

మొదట ఒక సంగతి ఒప్పుకొనవలయును. పోలీసు చిత్రములను నిందించుటకు మేము కలము పట్టలేదు. మేమును వానిని చూచినవారమే. చూచుచు కుర్చీ అంచునకు జరిగినవారమే. తెలుగునాట ఈ జాతి చిత్రములకు మంచి చరిత్ర కలదు. 1981లో కె. రాఘవేంద్రరావుగారి దర్శకత్వమున వచ్చిన ‘కొండవీటి సింహం’లో నందమూరి తారక రామారావుగారు, కన్నకొడుకు పెడదారి పట్టినను ధర్మము తప్పని పోలీసు అధికారిగా నటించిరి. 1989లో కోడి రామకృష్ణగారి ‘అంకుశం’ వెలువడెను. అందు రాజశేఖర్‌గారు ఇన్‌స్పెక్టరుగను, రామిరెడ్డిగారు నీలకంఠమను దుండగుడుగను నటించి, ఇద్దఱును ఇంటింట పేరు పొందిరి. ఆ కథ మఱుసటి సంవత్సరమే ‘ప్రతిబంధ్’ అను పేర హిందీలో తీయబడగా, నాయకపాత్రను చిరంజీవిగారు ధరించిరి. దుండగుని పాత్రకు మాత్రము వేఱొకరిని వెదకుట అనవసరమని తోచినది కాబోలు, రామిరెడ్డిగారినే తీసికొనిరి.

ఆ 1990లోనే ఎ. మోహనగాంధీగారి ‘కర్తవ్యం’ వచ్చెను. విజయశాంతిగారు అందు వైజయంతి యను పోలీసు అధికారిణిగా నటించి జాతీయ ఉత్తమనటి పురస్కారమును గైకొనిరి. 1972లో భారత పోలీసు సర్వీసులో చేరిన తొలి మహిళయగు కిరణ్ బేడీగారి జీవితము ఆ పాత్రకు స్ఫూర్తి. ఖాకీ దుస్తులు మగవారి సొత్తు కాదని ఎన్ని ఉపన్యాసములు చెప్పినను నాటుకొనని సంగతిని ఆ చిత్రము ఒక్క సాయంకాలములో నాటెను. ఇట్టి మేలును మఱచి, ఈ చిత్రములన్నియు చెడ్డవని ఒక్క మాటతో కొట్టివేయుట న్యాయము కాదు.

ఇక పోలీసు చిత్రమునకు ప్రాణమువంటి ఘట్టము తఱుముట. దొంగ కారులో పాఱిపోవును. పోలీసు కారులో వెంబడించును. ప్రేక్షకుడు కదలకుండ కూర్చుండియే ఆ రెంటికంటె ముందు పోవును. ఈ విద్యకు పెద్దబాలశిక్షవంటి చిత్రములు రెండు అమెరికాలో తయారయినవి. 1968లో పీటర్ యేట్స్ దర్శకత్వమున వచ్చిన ‘బులిట్’ మొదటిది. శాన్‌ఫ్రాన్సిస్కో నగరపు ఎగుడుదిగుడు వీధులలో, స్టీవ్ మెక్వీన్ ధరించిన పోలీసు అధికారి ఫోర్డ్ మస్టాంగ్ కారులోను, హంతకులు డాడ్జ్ ఛార్జర్ కారులోను సాగించిన పఱుగు తెఱమీద సుమారు 11 నిమిషములు. దానిని చిత్రించుటకు పట్టిన కాలము సుమారు మూడు వారములు. చిత్రమును కూర్చిన ఫ్రాంక్ కెల్లర్‌కు ఆస్కార్ బహుమానము లభించెను. అంతటి కూర్పులోను కన్ను వేసి చూచువారికి తమాషాలు దొరకును. ఆకుపచ్చని ఫోక్స్‌వాగన్ కారు నొకదానిని ఈ రెండు కార్లును మఱల మఱల దాటుచునే యుండును. డాడ్జ్ కారు చక్రముల మూతలు ఒక్కొక్కటిగా ఊడి దొర్లును. కారునకు చక్రములు నాలుగే, ఊడిన మూతలు అంతకంటె ఎక్కువ. ఒకే పఱుగును పలుమాఱులు పలుదిక్కులనుండి పట్టి అతికించుటచేత కలిగిన వింత యిది.

మన బాలురకు ఇట్టి కిటుకులు తెలియుట మంచిది. తెఱమీద బొమ్మలు సెకనునకు 24 చొప్పున కదలును. చిత్రించునపుడు సెకనునకు 18 చొప్పుననే పట్టి, పిమ్మట 24 చొప్పున ఆడించినచో, గంటకు 30 కిలోమీటర్లు పోవు బండి 40 కిలోమీటర్లు పోవునట్లు కనబడును. పగిలెడి అద్దము వెనుకటి దినములలో పంచదార పాకముతోను, తరువాత రసాయనపు జిగురుతోను చేసినది. అది ఒంటిని చీల్చదు. పల్టీకొట్టు కారులోపల ఇనుప చట్రమును, నడుపువానిని పట్టి యుంచు పట్టీలును ఉండును. అపాయకరమయిన చోట్ల నాయకుని స్థానమున వేఱొక నిపుణుడు నడుపును. ఈ సంగతులు తెలియని బాలుడు తెఱమీది వేగమును నిజమని నమ్మును. నమ్మినదానిని వీధిలో చేసి చూడగోరును.

రెండవ చిత్రము 1971లో విలియం ఫ్రీడ్కిన్ తీసిన ‘ది ఫ్రెంచ్ కనెక్షన్’. న్యూయార్కు నగరములో బ్రూక్లిన్ ప్రాంతమున, వీధికి పైన కట్టిన ఇనుప వంతెనమీద రైలు పోవుచుండును. అందు హంతకుడు. క్రింద వీధిలో జీన్ హాక్‌మన్ ధరించిన డిటెక్టివు, దారినపోవు వాని కారును తీసికొని, తల పైకెత్తి రైలును చూచుచు కారును తోలును. ఉత్తమచిత్ర పురస్కారముతో కూడ ఐదు ఆస్కార్ బహుమానములను ఆ చిత్రము గెలిచెను. కాని ఆ పఱుగులో కొంత భాగమును తగిన అనుమతులు లేకయే, జనులు తమ పనులమీద తిరుగు వీధులలో చిత్రించిరి. దారిని పోవుచున్న ఒక స్థానికుని కారు అనుకొనకుండ వచ్చి చిత్రబృందపు కారునకు తగిలెను. ఆ ఢీకొనుట నటన కాదు. నేటికిని చిత్రములో అట్లే యున్నది. అట్టి పనిని మఱల ఎన్నటికిని చేయనని ఫ్రీడ్కిన్ తరువాతి కాలమున తానే చెప్పుకొనెను.

మన తెలుగు చిత్రములలో పలువురు తలంచుకొను తఱుముట కారుమీద జరిగినది కాదు, సైకిలుమీద జరిగినది. 1989లో వచ్చిన రాంగోపాల్ వర్మగారి తొలిచిత్రము ‘శివ’ పోలీసు కథ కాదు, కళాశాల విద్యార్థి కథ. అయినను దుండగులు తఱుముచుండగా, నాగార్జునగారు అన్నకుమార్తెయగు చిన్నపిల్లను సైకిలుమీద ఎక్కించుకొని పోవు ఘట్టమును చూచి ఊపిరి బిగపట్టనివారు లేరు. సిద్దిపేటలో బడికి సైకిలుమీద వచ్చు బాలునకు ఫోర్డ్ మస్టాంగ్ కారుకంటె ఆ సైకిలే దగ్గఱి చుట్టము. 2025లో ఆ చిత్రము మఱల విడుదలయిన సందర్భమున, నాడు అంత చిన్నపిల్లను అట్టి అపాయకరమయిన దృశ్యములలో భయపెట్టి నటింపజేసినందుకు దర్శకుడు ఆమెను బహిరంగముగా క్షమాపణ కోరెను. 36 సంవత్సరములు గడచినను ఆ మాట చెప్పవలయునని తోచుట మెచ్చదగినది.

ఇట్లు ఇద్దఱు దర్శకులును వెనుదిరిగి చూచుకొనిరి. ఒకరు వీధిలోని జనులను తలంచిరి. మఱియొకరు సైకిలుమీది పిల్లను తలంచిరి. టమాటలవానిని తలంచినవారు మాత్రము మాకు కనబడలేదు.

ఇప్పుడు ఆ బండి దగ్గఱకు వత్తము. తఱుముట యున్న చిత్రములో తోపుడుబండి యుండక తప్పదు. అది కానిచో కుండల వరుస, లేనిచో అరటిగెలల అంగడి, అదియు లేనిచో కోళ్ల గంప. దర్శకునికి ఇది ఎందుకు కావలెను? ఆకాశమున పోవు విమానము ఎంత వేగముగా పోయినను మెల్లగా పోవునట్లే తోచును. దాని ప్రక్కన పోల్చి చూచుటకు నిలిచియున్న వస్తువు లేదు. వేగము కంటికి తెలియవలెనన్న కదలని వస్తువు ఒకటి అడ్డుగా నుండవలెను. అది చెదరినగాని ప్రేక్షకుని గుండె అదరదు. ఱాతిగోడను కొట్టినచో కారు పాడగును, కథ ఆగిపోవును. టమాటలను కొట్టినచో కారునకు ఏమియు కాదు; తెఱయంతయు ఎఱ్ఱనగును; నెత్తురు కారకయే నెత్తురు కారినట్లుండును. ఇంతకంటె చవుకయిన అలంకారము లేదు. కావుననే బండివాడు పోలీసు చిత్రములో తప్పని పాత్ర. అతనికి పేరు లేదు, మాట లేదు. రెండు చేతులు పైకెత్తి అఱచుట ఒక్కటే అతని పని. అతడు అఱచుచుండగా మనము నవ్వుదుము.

నిజమయిన బండివాని సంగతి వేఱు. తెల్లవాఱకముందే లేచి టోకు అంగడికి పోవును. చేతిలో పైకమున్న దినమున పైకమిచ్చియు, లేని దినమున అప్పుచేసియు సరకు తెచ్చును. సాయంకాలమునకు అమ్ముడుపోయినదానిలోనుండి అప్పు తీర్చవలెను, బండి అద్దెది అయినచో అద్దె ఇయ్యవలెను, మిగిలినది ఇంటికి. టమాట రేపటికి ఆగు వస్తువు కాదు. ఒక్క ఉదయమున బండి బోల్తాపడినచో పోవునది ఆనాటి లాభము మాత్రమే కాదు. మఱునాడు సరకు తెచ్చుటకు వలయు మూలధనమును పోవును. ఇట్టివారి బ్రతుకుతెఱువును కాపాడుటకై 2014లో మన పార్లమెంటు వీధివ్యాపారుల చట్టమును చేసెను. పట్టణములలో వారిని లెక్కించి గుర్తింపు పత్రము లియ్యవలెననియు, వ్యాపారస్థలములను నిర్ణయించు పట్టణ సంఘములో నూటికి 40 మందికి తక్కువ కాకుండ వీధివ్యాపారులే సభ్యులుగా నుండవలెననియు ఆ చట్టము చెప్పుచున్నది. వీధిలో బండివానికి ఇన్ని హక్కులుండగా తెఱమీద మాత్రము అతనికి అఱచు హక్కు ఒక్కటే మిగిలినది. పోలీసు నాయకుడు మఱునాడు తిరిగివచ్చి, “అన్నా, నిన్న నీకెంత నష్టమయినది?” అని అడిగిన దృశ్యమును మేము ఇంతవఱకు చూడలేదు.

బోల్తాపడు బండి టమాటలది ఒక్కటే అయినచో మేము ఇంత దూరము వ్రాయకపోదుము. చట్టము కూడ ఒక తోపుడుబండియే. అది మెల్లగా పోవును, చేతులతో తోయవలెను, త్వరగా పోవువారందఱును దారికి అడ్డమని దానిని విసుగుకొందురు. పోలీసు చిత్రములలో నాయకుడు మొదట బండిని, తరువాత చట్టమును తన్నుకొని పోవును. ‘అంకుశం’లో నీలకంఠమును ఇన్‌స్పెక్టరు నడివీధిలో ఈడ్చుకొనిపోవు దృశ్యము మిగుల ప్రసిద్ధము. చిత్రములో అతడు చేసిన ఘోరములను చూచినవారు ఆ దృశ్యమునకు చప్పట్లు కొట్టకుండ నుండుట కష్టము. మేమును కొట్టితిమి. కాని అంతకు తొమ్మిది సంవత్సరములకు పూర్వమే, 1980లో, ప్రేమ్‌శంకర్ శుక్లా అభియోగములో మన సుప్రీంకోర్టు, నిందితునికి అలవాటుగా బేడీలు వేసి త్రిప్పుట సయితము అమానుషమనియు, తప్పించుకొనకుండ ఆపుటకు వేఱు మార్గము లేనపుడు మాత్రమే, కారణము వ్రాసిపెట్టి, వేయవలెననియు తీర్పు చెప్పియుండెను. పట్టుకొన్నవానిని 24 గంటలలోగా మేజిస్ట్రేటు ఎదుట నిలుపవలెనని మన రాజ్యాంగము 22వ అధికరణములో ఆజ్ఞాపించుచున్నది. పోలీసు కాల్పులలో మనుష్యుడు చనిపోయినచో నేర సమాచారమును నమోదు చేసి, సంబంధము లేని వేఱు అధికారులచేత విచారణ చేయింపవలెనని 2014లో సుప్రీంకోర్టు వివరముగా నియమములు విధించెను. ఇవి యన్నియు తెఱమీద కనబడవు. కనబడినను న్యాయవాది దుండగుని ప్రక్కనే నిలుచును; చట్టపుస్తకము అతని చేతనే యుండును.

ఇచ్చట ప్రతివాది మమ్ము ఆపి అడుగవచ్చును: “చట్టము నత్తనడక నడచుచున్నది, ధనవంతుడు వాయిదాలతో తప్పించుకొనుచున్నాడు, బీదవాని మొఱ వినువాడు లేడు. అందుచేతనే గదా జనులు ఆ ఇన్‌స్పెక్టరునకు చప్పట్లు కొట్టుచున్నారు?” ఈ మాట తేలికగా త్రోసివేయదగినది కాదు. ఆ చప్పట్ల వెనుక నిజమయిన గాయము కలదు. న్యాయము కొఱకు సంవత్సరములు కాచుకొన్నవాడు రెండు గంటలలో అది దొరకుట చూచి సంతోషించిన, అతనిని తప్పుపట్టుటకు మేమెవరము?

కాని ఒక్క భేదమును మఱవరాదు. నీలకంఠము దోషి యని మనకు ఎట్లు తెలిసినది? అతడు చేసిన నేరమును కెమెరా మనకు చూపినది. థియేటరులో కూర్చున్న ప్రతివాడును ప్రత్యక్షసాక్షియే. వీధిలో అట్టి సాక్షి లేడు. వీధిలో నున్నది ఒక అనుమానము, ఒక ఫిర్యాదు, ఒక పొరపాటు, ఒక్కొక్కప్పుడు ఒక పగ. విచారణ లేకుండ ఈడ్చుట అలవాటయిన ఊరిలో మొట్టమొదట ఈడ్వబడువాడు నీలకంఠము కాడు; అతనికి కారును, న్యాయవాదియు, పలుకుబడియు కలవు. ఏ తోడును లేని బండివాడే మొదట ఈడ్వబడును. చట్టము నెమ్మదిగా పోవుచున్నదన్నచో దానిని గట్టిగా తోయవలెను. మఱి నలుగురు చేయి వేయవలెను. బోల్తాకొట్టించుట మందు కాదు.

ముందు చెప్పిన ‘ఫ్రెంచ్ కనెక్షన్’ చిత్రపు పఱుగు అందఱకును జ్ఞాపకము. ముగింపు జ్ఞాపకమున్నవారు తక్కువ. అంత పఱుగెత్తిన డిటెక్టివు కడపట చీకటిలో దుండగుడనుకొని తోటి అధికారినే కాల్చిచంపెను; ప్రధాన నేరస్థుడు చిక్కనే లేదు. ఆ కథకు ఆధారమయిన నిజమయిన అభియోగములో న్యూయార్కు పోలీసులు 1962లో పెద్దమొత్తమున హెరాయిన్ అను మత్తుమందును పట్టుకొనిరి. చిత్రము విడుదలయిన మఱుసటి సంవత్సరము, 1972లో, ఆ మందు పోలీసుల భద్రపు గదినుండియే మాయమయినట్లును, దాని చోట పిండి పెట్టినట్లును బయటపడెను. చూడుడు: వీధిలో గెలిచినది గిడ్డంగిలో పోయెను. తాళమును, లెక్కపుస్తకమును, రాత్రి కాపలాయును ఏ చిత్రములోను పఱుగెత్తవు. కాని న్యాయము నిలుచునది వానిమీదనే. మన విద్యార్థులలో ఎవరయినను రేపు పోలీసు ఉద్యోగమున చేరదలచినచో, కారు తోలుటతోపాటు పంచనామా శుభ్రముగా వ్రాయుటయు నేర్చుకొనవలెనని మా మనవి.

ఇక మన వీధికి వత్తము. హైదరాబాదునుండి కరీంనగరము పోవు రాజీవ్ రహదారి మన సిద్దిపేట మీదుగా పోవుచున్నది. మంచి రహదారి మంచి సేవకుడు; కాని అది బాలుని చెవిలో సినిమా మాటలు చెప్పుట కూడ కలదు.

మొన్నటి దసరా సెలవులకు కొంచెము ముందు, సీతాఫలముల కాలములో జరిగిన సంగతి. మన పదవ తరగతి విద్యార్థి యొకడు తండ్రి మోటారుసైకిలును అడుగకుండ తీసికొని, వెనుక ఇద్దఱు స్నేహితుల నెక్కించుకొని, ముందు పోవుచున్న మఱియొక స్నేహితుని “పట్టుకొనుటకు” బయలుదేఱెను. దారి ప్రక్కన ఒక అవ్వ సీతాఫలముల గంప పెట్టుకొని కూర్చుండి యుండెను. బండి వంకర తిరిగెను; గంప బోల్తాపడెను; పండ్లు రోడ్డుమీద దొర్లి కొన్ని పగిలెను. దైవవశమున అవ్వకు దెబ్బ తగులలేదు. బాలునకు మోకాలు చీరుకొనెను. అతడు తిట్లకు సిద్ధపడి లేచి నిలుచుండగా, అవ్వ దగ్గఱకు వచ్చి మోకాలిని చూచి, “పండ్లు పోతే పోనియ్ బిడ్డా, నీకేం తాకలేదు గదా?” అనెను. తాను చూచిన చిత్రములలో గంప పోగొట్టుకొన్నవా రెవరును ఈ మాట అనగా వినలేదని ఆ బాలుడే మాతో చెప్పెను. అతని అనుమతితోనే ఇది వ్రాయుచున్నాము. పేరు మాత్రము చెప్పము.

ఆ సాయంకాలము బాలురును ఉపాధ్యాయులును కలిసి పండ్లను ఏఱిరి. బాలుని తండ్రి వచ్చి మొత్తము గంపకు వెల యియ్యబోయెను. అవ్వ పగిలిన పండ్లను లెక్కపెట్టి వానికి మాత్రమే పుచ్చుకొని, మిగిలిన పైకమును తిరిగి యిచ్చెను. న్యాయస్థానమునకు పోకయే న్యాయము జరిగిన సందర్భమిది. కాని అవ్వ అడుగు ప్రక్కకు కూర్చుండి యున్నచో ఏమగునో తలంచుకొనుటకు మాకు ఇప్పటికిని ధైర్యము చాలదు.

మన పై తరగతులవారు భౌతికశాస్త్రములో చదివిన లెక్కనే ఇచ్చట వేసి చూడుడు. గంటకు 40 కిలోమీటర్లు పోవు బండి సెకనునకు సుమారు 11 మీటర్లు పోవును. అడ్డము చూచి బ్రేకు త్రొక్కుటకు ఒక సెకను పట్టునను కొందము. ఆ సెకనులో 11 మీటర్లు పోయినవి. పొడి రోడ్డుమీద మంచి బ్రేకు పట్టినను ఆగుటకు మఱి 9 మీటర్లు వలయును. మొత్తము 20 మీటర్లు. వేగము రెట్టింపయి 80 అయినచో, మొదటి సెకనులో 22 మీటర్లును, బ్రేకు పట్టిన తరువాత సుమారు 35 మీటర్లును పోవును. మొత్తము 57 మీటర్లు. వేగము రెండింతలయిన బ్రేకు దూరము నాలుగింతలగును. ఈ సూత్రము నాయకునికిని ప్రతినాయకునికిని ఒక్కటే. కేంద్ర రవాణాశాఖ లెక్క ప్రకారము 2022లో మన దేశమున 4,61,312 రోడ్డు ప్రమాదములు జరిగి 1,68,491 మంది మరణించిరి. ఆ మరణములలో నూటికి 70కి పైగా అతివేగమువలన కలిగినవే.

తలిదండ్రులకు ఒక మనవి. 2019లో సవరించిన మోటారు వాహనముల చట్టము ప్రకారము, పదునెనిమిదేండ్లు నిండని బాలుడు బండి నడిపి నేరము చేసినచో, బండి యజమానికి లేక సంరక్షకునికి మూడు సంవత్సరముల వఱకు చెఱయును, 25,000 రూపాయల జరిమానాయును విధింపవచ్చును. ఆ బండి రిజిస్ట్రేషను 12 నెలలు రద్దగును. ఆ బాలునకు 25 ఏండ్లు వచ్చువఱకు లైసెన్సు దొరకదు. నాకు తెలియకుండ తీసికొనిపోయినాడని చెప్పిన చాలదు. తెలియదని ఋజువు చేయు భారమును చట్టము పెద్దవారిమీదనే పెట్టినది. కావున తాళపుచెవిని గోడమేకునకు తగిలించి, సినిమాను నిందించుట మనకు తగదు.

ఇంతకును పోలీసు చిత్రములు చూడదగినవా? చూడదగినవే యని మా అభిప్రాయము. వలదన్నచో బాలురు చాటున చూతురు. చాటున చూచినదానిని గూర్చి మనతో మాటలాడరు. తలిదండ్రులు ప్రక్కన కూర్చుండి చూడుడు. ఇన్‌స్పెక్టరు ధైర్యమునకు చప్పట్లు కొట్టుడు. కారు పఱుగును చూచి ఊపిరి బిగపట్టుడు. కాని బండి బోల్తాపడినపుడు ఒక్క నిమిషము కెమెరాతో పోక అచ్చటనే నిలిచి, “ఇతని సంగతి యేమి?” అని పిల్లలను అడుగుడు. ఆ ప్రశ్న అడుగనేర్చిన బాలుడు ఏ చిత్రము చూచినను చెడడని మా నమ్మకము. చర్చాసంఘము అధ్యక్షులను కూడ ఒకటి కోరుచున్నాము: ఆనాటి నివేదికలో ఆ ప్రశ్నను ఇప్పుడయినను చేర్పింతురు గాక.

కడపట, ఆఱవ తరగతిలోని మా చిన్నమిత్రునకు సమాధానము. నాయనా, తెఱమీది టమాటలకు చిత్రనిర్మాత ముందుగనే పైకమిచ్చి కొనియుండును. వానిని గూర్చి దిగులుపడకుము. కథలోని బండివానికి మాత్రము ఎవరును ఏమియు ఇయ్యలేదు. నీవు అడుగువఱకు అడిగినవారును లేరు. మన వీధిలో బోల్తాపడిన బండికి, దానిని పడద్రోసినవాడు ఇయ్యవలెను; అతడు పాఱిపోయినచో చట్టము అతనిని వెదకి యిప్పింపవలెను; అంతవఱకు ప్రక్కనున్నవారు వంగి టమాటలను ఏఱవలెను. ఆనాడు నీ ప్రశ్నకు మేము నవ్వినందుకు మన్నింపుము.